నీళ్ళల్లో బండి ఆగిపోయిందా? బటన్ నొక్కకండి!

వానలు మొదలయ్యాయంటే మన ఆడవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేవి ఏమిటి? ఆరని బట్టలు, మెత్తబడిపోయే అప్పడాలు, బూజు పట్టే ఊరగాయ, ఉబ్బి బిగుసుకుపోయే తలుపులు. వీటన్నిటికీ మన దగ్గర ఉపాయాలున్నాయి. అమ్మ దగ్గర కొన్ని నేర్చుకున్నాం, అత్తగారి దగ్గర కొన్ని నేర్చుకున్నాం, ఇలాంటి పేజీల్లో చదివి మరికొన్ని నేర్చుకున్నాం. కానీ వాకిట్లో తడుస్తూ నిలబడే బండి సంగతి ఎప్పుడైనా ఆలోచించామా? 'అది మగవాళ్ళ వ్యవహారం' అని వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను. అందుకు నాకు పద్నాలుగు వేలు ఖర్చయింది. ఆ సంగతే మీకు చెబుదామని కూర్చున్నాను.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళ చేతుల్లోనే బండి ఉంటోంది. పిల్లల్ని బడికి దించాలన్నా, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా, సంతకు వెళ్ళి కూరగాయలు తేవాలన్నా మనమే వెళుతున్నాం. మా చీరాలలో అయితే నేసిన చీరల మూటలు వెనకాల కట్టుకుని షాపులకు వేసి వచ్చే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. బండి నడపటం నేర్చుకున్నాం, సంతోషమే. మరి నడిరోడ్డు మీద, నీళ్ళల్లో అది ఆగిపోతే ఏం చెయ్యాలి? అది మాత్రం మనకెవరూ నేర్పలేదు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊరు ఆ పక్కనే కాబట్టి గాలివానకు కంటి మీద కునుకు లేదు. మర్నాటికి వాన తెరిపిచ్చింది గానీ వీధుల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. మా అత్తగారికి బి.పి. మాత్రలు అయిపోయాయి. మావారు ఊళ్ళో లేరు. స్కూటీ తీసుకుని బయల్దేరాను. మందుల షాపు రెండు వీధుల అవతలే కదా అనుకున్నాను. వీధి మలుపులో చక్రం సగానికి పైగా మునిగింది. తగ్గితే ఆగిపోతుందేమోనని ఇంకా వేగం పెంచాను. నీళ్ళు ముందుకు లేచాయి. బండి ఠక్కున ఆగిపోయింది.

ఇక నా కంగారు చూడాలి! సెల్ఫ్ బటన్ నొక్కాను. రాలేదు. మళ్ళీ నొక్కాను. అయిదారుసార్లు నొక్కి ఉంటాను. చివరికి లోపల 'టక్'మని ఏదో చప్పుడై అదీ ఆగిపోయింది. వీధి చివర మెకానిక్ బాబాయి దూరం నుంచి చూసి, లుంగీ పైకి ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, బటన్ నొక్కమాకమ్మా! నొక్కమాక!" అని అరుస్తూనే ఉన్నాడు. నాకు వినపడలేదు.

ఇంజన్ విప్పి చూస్తే లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. అన్నీ కలిపి పద్నాలుగు వేలు అయ్యింది. అది మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం చీటీ పాడి తెచ్చుకున్న డబ్బు. "బండి ఆగినప్పుడు సగం చెడింది, నువ్వు బటన్ నొక్కినప్పుడు మిగతా సగం చెడింది" అన్నాడు బాబాయి. బటన్ నొక్కకుండా తోసుకొచ్చి ఉంటే అంత ఖర్చు అయ్యేది కాదేమోనని ఇప్పటికీ బాధే.

పొయ్యికీ ఇంజనుకీ తేడా లేదు

ఆ రోజు నుంచీ బాబాయి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను. మొదట్లో నాకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. తీరా వింటే మన వంటింటి సంగతే!

పొయ్యి వెలగాలంటే మూడు కావాలి. కట్టెలో గ్యాసో కావాలి, గాలి కావాలి, అగ్గిపుల్ల కావాలి. ఇంజనుకు కూడా ఈ మూడే. కట్టెల బదులు పెట్రోలు, అగ్గిపుల్ల బదులు స్పార్క్ ప్లగ్గు, గాలి మాత్రం అదే గాలి. నీళ్ళల్లో బండి ఆగిందంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి అందలేదన్నమాట. ఏది అందలేదో తెలిస్తే సగం పని అయినట్లే.

మొదటిది గాలి. బండి గాలి పీల్చుకోవటానికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉంటుంది. స్కూటీలకు చాలావాటికి అది ఎడమ పక్కన వెనక చక్రం దగ్గరే ఉంటుంది. నీళ్ళు అంత ఎత్తుకు వస్తే గాలితో పాటు నీళ్ళు కూడా పీల్చేస్తుంది. అప్పుడేమవుతుందో తెలియాలంటే పిల్లల మందు పోసే సిరంజి ఒకటి తీసుకోండి. ఖాళీ సిరంజికి ముందు వేలు అడ్డం పెట్టి వెనక నుంచి నొక్కండి. లోపల గాలే కాబట్టి కొంత నొక్కుకుంటుంది. ఇప్పుడు నీళ్ళు నింపి మళ్ళీ నొక్కండి. ససేమిరా కదలదు. ఇంజను లోపల పిస్టను కూడా నిమిషానికి వేలసార్లు అలాగే నొక్కుతూ ఉంటుంది. గాలికి బదులు నీళ్ళు ఉంటే అవి నొక్కుకోవు. పిస్టను ఆగదు. మధ్యలో ఉన్న ఇనప రాడ్డే వంగిపోతుంది. నా బండికి జరిగింది అదే.

రెండోది నిప్పు. స్పార్క్ ప్లగ్గుకు పైన రబ్బరు టోపీలాంటి క్యాపు ఉంటుంది. అది వదులైనా, పగిలినా నీళ్ళు లోపలికి చేరతాయి. కరెంటు ప్లగ్గులోకి పోకుండా ఆ తడి పట్టుకుని పక్కకు పోతుంది. తడిసిన అగ్గిపెట్టె ఎంత గీసినా వెలగనట్టే ఇదీను. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆరితే పనిచేస్తుంది.

మూడోది పెట్రోలు. ఇదే అన్నిటికన్నా చిత్రమైనది. ఇది నాకు మా మేనల్లుడి బండి వల్ల తెలిసింది.

నూనె డబ్బాకు రెండు చిల్లులెందుకు?

మా తమ్ముడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఒక పాత డర్ట్ బైక్ కొన్నాడు. డర్ట్ బైక్ అంటే రాళ్ళల్లో, బురదలో, వాగుల్లో నడపటానికి చేసిన ఎత్తు బండి. చక్రాలు పెద్దవి, మడ్‌గార్డులు పైకి ఉంటాయి, సైలెన్సరూ పైకే ఉంటుంది. అలాంటి బండి నీళ్ళకు భయపడకూడదు కదా? వీడి బండి మాత్రం వాళ్ళ పొలాల దగ్గర చప్టా మీద మోకాలు రాని నీళ్ళల్లో కూడా ఆగిపోయేది. ఒడ్డుకు తోసుకొస్తే ఒక నిమిషంలో ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది! మళ్ళీ నీళ్ళల్లోకి దిగితే మళ్ళీ ఆగేది. ప్లగ్గు మార్చాడు, క్యాపు మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. ఊహూఁ.

"అత్తా, నీ బాబాయికి చూపించనా?" అని ఒక ఆదివారం బండేసుకుని వచ్చాడు. బాబాయి కిందికి వంగి ఒక్క నిమిషం చూశాడు. ఇంజను కింద వేలాడుతున్న సన్నని రబ్బరు పైపులు చూపించి, "ఇవి మునిగితే బండి ఊపిరి పోతది నాయనా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు బాబాయి నన్ను అడిగాడు: "అమ్మాయ్, నూనె డబ్బా తెచ్చుకుంటే ఎన్ని చిల్లులు పెడతావు?"

రెండు పెడతాం కదా! ఒకటే పెడితే నూనె గుడుక్ గుడుక్‌మని నాలుగు చుక్కలు కారి ఆగిపోతుంది. రెండో చిల్లులోంచి గాలి పోతేనే మొదటి చిల్లులోంచి నూనె ధారగా వస్తుంది.

కార్బొరేటర్ కింద కూడా చిన్న గిన్నె ఉంటుంది. పెట్రోలు ముందు ఆ గిన్నెలోకి వచ్చి అక్కడి నుంచి ఇంజనులోకి పోతుంది. గిన్నెలోంచి పెట్రోలు పోయేకొద్దీ ఆ చోట గాలి నిండాలి. ఆ గాలి కోసమే సన్న పైపులు. అవి కిందికి వేలాడుతూ నీళ్ళల్లో మునిగితే రెండో చిల్లు మూసేసినట్టే. కాసేపటికి పెట్రోలు రావటం ఆగిపోతుంది, బండి చచ్చిపోతుంది. ఒడ్డుకు రాగానే పైపు బయటపడి గాలి ఆడుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది. జబ్బంతా అంతే!

వైద్యం ఏం చేశాడో తెలుసా? చేపల తొట్టెలకు వాడే 'టి' ఆకారం ప్లాస్టిక్ ముక్క ఒకటి, అదే లావున్న మూరెడు పెట్రోలు పైపు ఒకటి తెచ్చాడు. గాలి పైపును మధ్యలో కోసి 'టి' ముక్క తగిలించాడు. ఒక కొస పాతదే, కిందికే ఉంచాడు. రెండో కొసను పైకి తీసుకెళ్ళి పెట్రోలు ట్యాంకు కింద కట్టేశాడు. కింది కొస మునిగినా పై కొసలోంచి గాలి ఆడుతుంది. వంద రూపాయలు కూడా అవలేదు. మా వాడి బండి ఆ తరవాత చప్టా మీద ఆగితే ఒట్టు.

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. అన్ని పైపులూ ఒకటి కావు. పెట్రోలు ఎక్కువైనప్పుడు కిందికి కార్చేసే ఓవర్‌ఫ్లో పైపు వేరే ఉంటుంది. దాన్ని మాత్రం కదిలించకూడదు, మూయకూడదు. పెట్రోలు వేడి ఇంజను మీద పడితే మంటలే. కాబట్టి ఈ పని తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. మీరు చెప్పాల్సిందల్లా 'నీళ్ళల్లో ఆగుతోంది, ఒడ్డుకొస్తే తనంతట తనే స్టార్ట్ అవుతోంది, గాలి పైపు చూడండి' అని. ఆ మాట వింటే మెకానిక్ కూడా మిమ్మల్ని గౌరవంగా చూస్తాడు!

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాయి. ఆ తరవాత వచ్చిన బళ్ళల్లో చాలావరకు కార్బొరేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజక్షన్ వచ్చింది. వాటికి ఈ పైపు బాధ ఉండదు. గాలి, నిప్పు బాధలు మాత్రం అలాగే ఉన్నాయి. మన ఊళ్ళల్లో పాత బళ్ళు ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి కాబట్టి ఇంత వివరంగా చెప్పాను.

ఎలా ఆగిందో చూస్తే జబ్బు తెలుస్తుంది

పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు ముందు ఏం అడుగుతాడు? ఎప్పటి నుంచి, ఎలా వచ్చింది అనే కదా! బండికీ అంతే. ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

* పరుగెడుతున్న బండి ఠక్కున, ఎవరో పట్టి ఆపినట్టు ఆగిందా? ఇంజనులోకి నీళ్ళు పోయి ఉంటాయి. ఇదే ప్రమాదమైనది. బటన్ గానీ, కిక్కు గానీ ముట్టుకోకండి.
* టప్ టప్‌మని దగ్గుతూ, ఆగి ఆగి చచ్చిపోయిందా? ప్లగ్గు క్యాపులోనో, వైర్లలోనో తడి చేరి ఉంటుంది.
* బలం తగ్గుతూ తగ్గుతూ ఆగి, ఒడ్డుకొచ్చాక మామూలుగా స్టార్ట్ అయిందా? పాత బండి అయితే గాలి పైపు మునుగుతోందన్నమాట.
* ఇంజన్ బాగానే మోగుతోంది గానీ స్కూటీ ముందుకు కదలటం లేదా? లోపలి బెల్టు తడిసి జారుతోంది. యాక్సిలరేటర్ తిప్పి లాభం లేదు. మూత తీసి ఆరబెడితే సరిపోతుంది.

ఏ రకమో తేల్చుకోలేకపోతే మొదటి రకమే అనుకోండి. నష్టం లేదు.

ఆగిన వెంటనే ఏం చెయ్యాలి?

ముందు తాళం తిప్పి ఆపెయ్యండి. దిగండి. గేర్ల బండి అయితే న్యూట్రల్‌లో పెట్టి ఒడ్డుకు తోసుకురండి. 'తోస్తే స్టార్ట్ అవుతుందిలే' అని గేరులో వేసి తోయటం కూడా బటన్ నొక్కినంత పనే, అదీ వద్దు. ఎవరైనా కుర్రాళ్ళు సాయానికి వచ్చి "ఆంటీ, నేను కిక్కు కొడతా చూడండి" అంటే, "వద్దు నాయనా, తోయటానికి సాయం పట్టు చాలు" అనండి. మొహమాటపడకండి. బిల్లు కట్టాల్సింది వాళ్ళు కాదు.

ఒడ్డుకొచ్చాక పెద్ద స్టాండు వేసి, కాస్త ఎత్తుపల్లం ఉన్నచోట ముందు చక్రం ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. సైలెన్సరులో చేరిన నీళ్ళు వెనక నుంచి కారిపోతాయి. ప్లగ్గు క్యాపు లాగి పొడిగుడ్డతో లోపలా బయటా తుడవండి. నీళ్ళు ఫిల్టర్ డబ్బా దాకా రాలేదని ఖాయంగా తెలిసి, దగ్గుతూ ఆగిన బండి అయితే పావుగంట ఆరనిచ్చి ఒక్కసారి ప్రయత్నించవచ్చు. ఫిల్టర్ డబ్బా తడిసిందంటే మాత్రం నేరుగా మెకానిక్ దగ్గరికే.

మెకానిక్ అక్కడ ఏం చేస్తాడో, ఏం చెయ్యాలో మనకూ తెలిసి ఉండాలి. ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పేస్తాడు. తాళం ఆపి ఉంచి, ప్లగ్గు లేకుండానే నెమ్మదిగా కిక్కు కొడతాడు. లోపలి నీళ్ళు ఆ చిల్లులోంచి చిమ్ముకుంటూ బయటికొస్తాయి. పెట్రోలు ఆవిరి కూడా వస్తుంది కాబట్టి పక్కన బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. తరవాత ఎయిర్ ఫిల్టర్ చూస్తాడు. కాగితం ఫిల్టర్ అయితే తడిసింది తీసేసి కొత్తది వెయ్యాలి. స్పాంజి ఫిల్టర్ అయితే సబ్బునీళ్ళల్లో ఉతికి, పూర్తిగా ఆరాక వెయ్యొచ్చు.

కార్బొరేటర్ ఉన్న బండి అయితే కింది గిన్నెకు ఉన్న స్క్రూ వదులు చేసి అడుగు నీళ్ళు తీసేస్తాడు. గాజుగ్లాసులో దీపం పెట్టేటప్పుడు కింద నీళ్ళు పోసి పైన నూనె పోస్తాం కదా? పెట్రోలు కూడా నూనెలాగే నీళ్ళ పైన తేలుతుంది. నీళ్ళు అడుక్కి చేరతాయి. అందుకే అడుగు నుంచి తీస్తారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంజన్ ఆయిలు. ఆయిలు పుల్ల బయటికి తీసి చూడమనండి. ఆయిలు రంగు మామూలుగా ఉంటే బతికిపోయాం. పాలు కలిపిన టీ లాగా, మజ్జిగ కలిసినట్టు తెల్లగా ఉందంటే నీళ్ళు కలిశాయి. ఆ ఆయిలుతో ఒక్క నిమిషం కూడా ఇంజను తిప్పకూడదు. మొత్తం తీసేసి కొత్త ఆయిలు పోసి, కాసేపు తిప్పి, మళ్ళీ తెల్లబడితే మళ్ళీ మార్చాలి. రెండుసార్లు ఆయిలు మార్చిన ఖర్చు, ఇంజను విప్పిన ఖర్చులో ఏ మూలకీ రాదు.

ఇంటికొచ్చే దారిలో బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. తడిసిన బ్రేకులు పట్టవు. మెల్లగా పోతూ రెండు మూడుసార్లు అలా అలా నొక్కి వదిలితే ఆ వేడికి ఆరతాయి. గొలుసు బండి అయితే గొలుసుకు ఆయిలు వెయ్యటం మరవద్దు.

ఉప్పునీళ్ళ సంగతి వేరు

మా వాడరేవు, రామాపురం తీరాలకు ఆదివారాలు ఎంతమంది వస్తారో! కుర్రాళ్ళు బండి అలల్లోకి తోలి ఫొటోలు దిగుతారు. మీ పిల్లలు కూడా అలా చేస్తే ఆ రోజు సాయంత్రమే మంచినీళ్ళతో బండి శుభ్రంగా కడిగించండి. ఉప్పు ఇనుము మీద ఊరుకోదు. స్టీలు గిన్నెలో ఊరగాయ వదిలేస్తే గుంటలు పడినట్టు, గొలుసు, బోల్టులు, వైర్ల కొసలు అన్నీ తుప్పు పట్టిపోతాయి. కడిగాక ఆరబెట్టి ఆయిలు రాయించండి.

కరెంటు స్కూటర్లున్నవారికి ఒక మాట. బాటరీకి 'ఐపి 67' అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళల్లో అరగంట ఉంచి పరీక్ష చేశారని అర్థం. ఆ పరీక్ష శుభ్రమైన నీళ్ళల్లో, కొత్త బాటరీకి చేసేది. వరద నీళ్ళల్లో గంటలు గంటలు నానిన బండికి అది అభయహస్తం కాదు. మునిగిన కరెంటు బండిని ఇంట్లోకి తెచ్చి ఛార్జింగు పెట్టకండి. బయటే, ఇంటికి దూరంగా నిలబెట్టి కంపెనీ వాళ్ళకు ఫోను చెయ్యండి.

ఇన్సూరెన్సు కాగితం ఒకసారి తియ్యండి

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ ప్రాంతమంతా నీళ్ళల్లో నిలిచింది. ఆ వరదలో వేలాది బళ్ళు రోజుల తరబడి మునిగిపోయాయి. మా బంధువుల ఇళ్ళల్లో కూడా బళ్ళు పోయాయి. ఇన్సూరెన్సు ఉందిలే అనుకున్నవారిలో కొందరికి అప్పుడు తెలిసింది, తమది 'థర్డ్ పార్టీ' మాత్రమేనని. చట్టం ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సింది అదే. అది మన వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికే. వరదలో మన బండికి జరిగిన నష్టానికి డబ్బు రావాలంటే 'ఓన్ డ్యామేజి' కూడా కలిసిన పాలసీ ఉండాలి.

అది ఉన్నా ఇంకో మెలిక ఉంది. నీళ్ళు పోయిన ఇంజనును మనమే స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే మామూలు పాలసీలో ఆ ఇంజను ఖర్చు ఇవ్వరు. దానికి 'ఇంజన్ ప్రొటెక్ట్' అని వేరే కట్టాలి. నా విషయంలో జరిగింది కూడా ఇదే. వచ్చినాయన "నీళ్ళల్లో ఆగాక మళ్ళీ స్టార్ట్ చేశారా అమ్మా?" అని అడిగాడు. అబద్ధం చెప్పటం చేతకాక అవునన్నాను. ఇంజను డబ్బులు రాలేదు. కాబట్టి బండి మునిగితే, ముందు ఉన్నది ఉన్నట్టు నాలుగు ఫొటోలు తీసుకోండి, కంపెనీకి ఫోను చెయ్యండి, వాళ్ళు చెప్పాకే కదిలించండి.

తప్పనిసరై దిగాల్సి వస్తే

నిలవ నీళ్ళు, పైగా లోతు తెలిసిన మన వీధే అయితే, తప్పనిసరైతే దిగొచ్చు. కానీ ఎవరైనా నడిచి వెళుతుంటే వాళ్ళ కాలు చూడండి. పిక్క సగం దాటితే స్కూటీ దింపకండి. గేర్ల బండి అయితే మొదటి గేరులో, ఒకే రకంగా యాక్సిలరేటర్ పట్టుకుని మెల్లగా పోవాలి. మధ్యలో గేరు మార్చకూడదు, యాక్సిలరేటర్ వదిలెయ్యకూడదు. ఇంజన్ ఆడుతున్నంతసేపూ పొగ సైలెన్సరులోకి నీళ్ళు రాకుండా నెట్టుతూ ఉంటుంది. నాలాగా వేగం పెంచితే ముందు లేచిన నీళ్ళు ఫిల్టర్‌లోకే పోతాయి. ఎదురుగా బస్సో లారీయో వస్తుంటే ఆగి, అది పోయాక దిగండి. దాని అల చాలు మన బండిని ముంచటానికి.

పారే నీళ్ళయితే అసలు వద్దు

ఇప్పటిదాకా చెప్పిందంతా బండి గురించి. ఇప్పుడు చెప్పేది ప్రాణం గురించి.

మన వైపు ఎన్ని వాగులు, ఎన్ని మురుగు కాలువలు! చీరాలలో కుందేరు, వేటపాలెం వైపు రొంపేరు, బాపట్ల దగ్గర నల్లమడ. తుపాను వచ్చిందంటే అన్నీ ఒక్కసారే పొంగుతాయి. రేపల్లె వైపు కృష్ణ ఒడ్డున లంకలు సరేసరి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వచ్చినప్పుడు ఆ లంక గ్రామాలు ఎలా అయ్యాయో మనం చూశాం.

చప్టా మీద అర అడుగు ఎత్తున జోరుగా పారే నీళ్ళు చాలు, మనిషిని పడెయ్యటానికి. అడుగు నీళ్ళు చిన్న కారునే కదిలించేస్తాయి. ఇక నూటపది కిలోల స్కూటీ ఎంత? నీళ్ళు పైకి నున్నగా కనపడతాయి. కింద చప్టా కోసుకుపోయి ఉంటే ఎవరికి తెలుస్తుంది? అంచు ఎక్కడో కనపడదు. అక్కడ బండి ఆగిందంటే గాలి పైపు, ప్లగ్గు, ఫిల్టర్ అన్న లెక్కలేవీ పనిచెయ్యవు.

మొన్నటి వానల్లో ఒక రాత్రి మావారు వేటపాలెం నుంచి బయల్దేరుతూ ఫోను చేశారు. చప్టా మీద నీళ్ళు పారుతున్నాయట. "బండి మంచిదే, మొన్ననే సర్వీసు చేయించాం, దాటేస్తా" అన్నారు. నేను ఒకటే అన్నాను. "బండి మంచిదే, నీళ్ళు మంచివి కావు. ఆ రాత్రికి మా తమ్ముడింట్లో పడుకోండి. పొద్దున్నే పెసరట్లు వేస్తా, తిందురు గాని." కాస్త విసుక్కున్నారు గానీ ఆగిపోయారు. తెల్లారి చూస్తే ఆ చప్టా పక్కన గట్టు ఒక బారెడు కోసుకుపోయి ఉందట. ఇంటికొచ్చి పెసరట్లు తింటూ ఆయనే చెప్పారు.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసి బండి డిక్కీలో పెట్టుకోండి: 'ఆగితే బటన్ నొక్కకు. న్యూట్రల్‌లో తోసుకురా. ఆయిలు రంగు చూడు. పారే నీళ్ళల్లో దిగకు.' మీ అబ్బాయి బండిలోనూ ఒకటి, మీవారి బండిలోనూ ఒకటి పెట్టండి. ప్లగ్గు పానా, పొడిగుడ్డ కూడా అక్కడే ఉండనివ్వండి.

పద్నాలుగు వేలు పోసి నేను నేర్చుకున్న పాఠం ఇది. మీకు ఈ పత్రిక ఖరీదుకే వచ్చేసింది. ఈసారి వాన పడేలోపు ఆ కాగితం రాసి పెట్టుకుంటారు కదూ?